పిన్ని ట్రాక్టర్ ఎక్కిన రోజు

మా పిన్ని కుర్చీ అయినా సరే, కూర్చుని చూడనిదే కొనేది కాదు. ఆమె నడుంనొప్పి చూడలేక బాబాయి అరటితోట కౌలుకిచ్చేద్దామన్నాడు. చిన్న ట్రాక్టర్ ఉంటే తానే చేసుకుంటానని పిన్ని మమ్మల్నిద్దర్నీ గన్నవరం షోరూముకి లాక్కెళ్లింది.

కుచ్చిళ్లు దోపుకుని ఒక్కో ట్రాక్టరూ ఎక్కింది. ఒకదాని క్లచ్ అందలేదు. ఇంకోదాని స్టీరింగ్ మోకాళ్లకి తగిలింది.

"హార్స్‌పవర్ చెప్పమంటారా మేడమ్?" అన్నాడు సేల్స్ అతను.

"ఉండండి, ముందు నా నడుంని చెప్పనివ్వండి."

అన్నిటికంటే చిన్న బండి ఎక్కాక మాత్రం దిగలేదు. షోరూము వెనక గతుకుల్లో దాన్ని గిరగిరా తిప్పుతూ నవ్వు ఆపుకోలేకపోయింది. బాబాయి పక్కనే పరుగెత్తాడు.

"నడుం నొప్పెడుతోందా?"

"లేదండీ."

"నిజంగా?"

"నిజంగానే. మీరాగండి, ఆయాసమొస్తుంది."

ఆయన ఆగలేదు. పంచె ఎగ్గట్టి, "ఇదే ఇచ్చెయ్యండి మాకు" అని సేల్స్ అతనికి కేకేస్తూ ఇంకో చుట్టు పరుగెత్తాడు.