ఎక్కడికని అడగని షావుకారు

మా షావుకారికి శకునాల పిచ్చి. పిల్లి ఎదురొస్తే లోడెత్తిన లారీని కూడా ఆపేస్తాడు. ఎవరైనా తుమ్మితే కుదిరిన బేరం వాయిదా పడుతుంది. వీటన్నిటినీ మించింది, బయల్దేరిన మనిషిని ‘ఎక్కడికి’ అని అడక్కూడదన్న పట్టింపు. అది మా ఇళ్ళలోనూ ఉన్నదే. అడిగితే వెళ్ళిన పని చెడుతుందంటారు. పొరపాటున ఎవరైనా అడిగేస్తే లోపలికి తిరిగొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి.

పలాసలో ఆయన జీడిపప్పు ఫ్యాక్టరీలో కొనుగోళ్ళు చూసే పని నాది. ఎండాకాలం ఉద్దానం తోటల్లో జీడిపిక్కలు రాలే రోజుల్లో బండి మీద ఊళ్ళు తిరిగి, పిక్క కోసి, లోపల పప్పు నిండుగా ఉందో లేదో చూసి రావాలి. “పిక్కలు సూసొచ్చీ పాపా” అంటాడు, అంతే. ఏ ఊరన్నది నా ఇష్టం. ఏ రైతు ఫోన్ చేస్తే అటు. ఆయన్ని నేను మావయ్యా అంటాను. చుట్టరికం ఏమీ లేదు, మా వైపు అలా కలిపేసుకుంటాం.

ఆ స్వేచ్ఛ నాకు హాయిగానే ఉండేది, అబద్ధమెందుకు? మా ఆయన టెక్కలిలో ఒక ఆఫీసులో గుమాస్తా. టీ తాగడానికి వెళ్ళినా పై ఆఫీసరుకి చెప్పి వెళ్ళాలట. “మా షావుకారు మారాజు, అడగనే అడగడు” అని ఆయన్ని తెగ ఉడికించేదాన్ని.

ఒక వేసవిలో బారువ దగ్గర తోట చూసి వెనక్కి వస్తున్నాను. పొద్దున్న మాడ్చేసిన ఎండ మధ్యాహ్నానికి మాయమైంది. సముద్రం వైపు నుంచి లేచిన గాలి బండిని పక్కకి నెట్టేస్తోంది. నా ఎదురుగా ఒక కొబ్బరిచెట్టు రోడ్డుకి అడ్డంగా పడింది. వెనక్కి తిప్పేలోపు వెనకాల ఇంకోటి. బండి వదిలేసి, కనిపించిన మొదటి ఇంటికి పరుగెత్తాను. అక్కడ ఒక బెస్తామె ఎండుచేపల గంపలు లోపలికి లాక్కుంటోంది. గంపతో పాటు నన్నూ లాగేసింది.

“ఓలమ్మ, ఏటీ గాలి! నువ్వెవులమ్మా?”

చెప్పాను. తల తుడుచుకోమని తువ్వాలు ఇచ్చి, ఆమె అడిగింది:

“నువ్వీ ఊరొచ్చినట్టు మీ షావుకారికి తెలుసా?”

తెలియదు. మా ఆయనకీ తెలియదు. ఫోన్ తీశాను, టవర్ లేదు. అప్పటిదాకా గాలికి వేసిన భయం వేరు, ఆ మాటకి వేసిన భయం వేరు. ఈ పెంకుటిల్లు కూలి నా మీద పడినా ఎవరూ ఈ వైపు రారు కదా అనిపించి, సిగ్గు విడిచి ఏడ్చేశాను. ఆమె నన్ను ఓదార్చలేదు. ముందు తినమని ఇంత గంజి పెట్టింది.

తర్వాత మా ఆయన చెప్పగా తెలిసింది. గాలి మొదలవగానే ఆయన టెక్కలి నుంచి ఫ్యాక్టరీకి పరుగెత్తాడట. “మా ఆవిడ్ని ఏ ఊరు పంపారు?” అని అడిగితే షావుకారు ఫ్యాక్టరీలో వాళ్ళందర్నీ పిలిచి అడిగాడట. అంతకు ముందువారం నేను నందిగాం వెళ్ళానని ఎవరో అంటే మనుషుల్ని అటు తరిమాడట. నేనున్నది ఒక వైపు, వాళ్ళు వెతికింది ఇంకో వైపు.

తెల్లారాక గాలి తగ్గింది. రోడ్డు మీద గొడ్డళ్ళ చప్పుడు, దాన్ని మించి ఒక అరుపు. ఆ గొంతు నాకు తెలుసు. నందిగాంలో లేనని తేలాక తీరం వెంట ఊరూరా అడుగుతూ వచ్చాడు మా షావుకారు. పంచె మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, పడిన చెట్టు మీద నిలబడి మనుషుల్ని కేకలేస్తున్నాడు. ఆయన పక్కనే మా ఆయన. ఇద్దర్నీ చూడగానే గుమ్మం దాటి పరుగెత్తాను. అంత సంతోషం నా పెళ్ళిలో కూడా లేదని మా ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు.

షావుకారు చెట్టు దిగొచ్చి నన్ను ఎగాదిగా చూశాడు. దెబ్బలేమీ లేవని నమ్మకం కుదిరాక కళ్ళు తుడుచుకున్నాడు.

“పంపినోణ్ణి నేను. ఏ ఊరెల్లినావో నాకే తెల్దంటే, మీ ఆయనకేటి సెప్తాను తల్లీ?”

“అడిగితే అపశకునమని మీరే కదా మావయ్యా అన్నారు?” అన్నాను. ఏడుపులోనూ నా నోరు ఊరుకోదు.

“దానికి ఇరుగుడుంది కదే” అన్నాడు.

మర్నాటి నుంచి ఫ్యాక్టరీ గేటు పక్కన ఒక బల్ల, నీళ్ళ కుండ వెలిశాయి. ఎవరు బండి తీసినా “ఎక్కడికి?” అని గట్టిగా అరుస్తాడు. దిగి, బల్ల మీద కూర్చుని, నీళ్ళు తాగుతూ ఏ ఊరో, ఎవరి తోటో, ఏ దారిన వస్తామో చెప్పాలి. మబ్బు పట్టి ఉంటే “ఇయాల ఒద్దు, పిక్కలెక్కడికీ పోవు” అని బండి తాళం లాగేసుకుంటాడు. లారీ డ్రైవర్లు మొదట్లో నవ్వుకున్నారు. ఇప్పుడు ఆయన కంటే ముందే బల్ల ఎక్కుతున్నారు.

మొన్న ఆయన కూతురింటికి ఇచ్ఛాపురం వెళ్ళాడు. గేటు దగ్గర ఎవరూ లేరు. హమ్మయ్య అనుకుని బండి తీశానే కానీ, కదల్చబుద్ధి కాలేదు. అలా నిలబడి ఉండగానే, రోజూ నేను బండి తీసే వేళకి సరిగ్గా, ఫోన్ మోగింది.

“ఎక్కడికి?”

బండి ఆపి, వెనక్కి వెళ్ళి, బల్ల మీద కూర్చుని మంచినీళ్ళు తాగాను. అప్పుడు చెప్పాను.

“బారువ, మావయ్యా.”