ఛీ అంటే వచ్చే కుక్క

"ఛీ!" అని గోడ అవతల ఒక గొంతు అరిచింది. వెంటనే సిమెంటు నేల మీద గోళ్ళ టకటక. మళ్ళీ "ఛీ! ఛీ!" ఈసారి టకటక ఇంకా హుషారుగా.

గోడ ఇవతల కాజాలక్క తలెత్తలేదు. దుకాణంవాళ్ళు పంపే చొక్కాలకు గుండీలు దూరే కాజాలు కుట్టడం ఆమె పని. చిన్న చీలిక చుట్టూ దారాన్ని దగ్గరదగ్గరగా అల్లుకుంటూ పోవాలి, బట్ట చిరుగు పట్టకుండా. భర్త పోయాక ఆమె రోజులూ అలాగే నడుస్తున్నాయి. చీలిక అలాగే ఉంది, చుట్టూ దారం పడుతోంది. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని చుట్టాలు కొన్నాళ్ళు కనిపెట్టుకుని కూర్చుని, లేచి ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ కుక్క ఆమె భర్త తెచ్చిందే. వానలో తడిసి మెట్ల కింద దూరిన కుక్కపిల్లని చూసి ప్రతివాళ్ళూ "ఛీ" అంటుంటే, అదే తన పేరనుకుంది. అతను నవ్వి ఆ పేరే ఖాయం చేశాడు. "మా ఛీ బంగారం" అని ముద్దు చేసేవాడు. ఇప్పుడు సాయంత్రాలు తిప్పేవాళ్ళు లేక అది తనంతట తానే తిరుగుతోంది. తిరిగి తిరిగి పక్కింటి కండక్టరుగారి వరండాలో పూలకుండీలు తవ్వుతోంది.

కండక్టరుగారు ఉద్యోగం నుంచి దిగి చాలాకాలమైనా, గొంతు మాత్రం ఇంకా బస్సులోనే ఉంది. ఆ ఉదయం ఆ గొంతు నేరుగా గుమ్మంలోకే వచ్చింది.

"ఏవమ్మా, నీ కుక్కకి నేనంటే అంత లోకువా? ఛీకొడుతుంటే తోకూపుకుంటూ వస్తుందేంటి? నువ్వే నేర్పావా?"

"లేదు బాబాయ్‌గారూ."

"బాబాయ్ లేదు, గీబాయ్ లేదు. ఇంటి ఓనరమ్మకి చెప్పేశాను. ఆదివారంలోపు కుక్కనైనా పంపాలి, గదైనా ఖాళీ చెయ్యాలి అంది. తర్వాత నన్ననుకోకు."

భర్తది అంటూ ఆ గదిలో ప్రాణంతో మిగిలింది అదొక్కటే. బతిమాలాలేమో, గొడవ పడాలేమో. రెంటికీ ఆమె లోపల ఏదీ కదల్లేదు. సూదిలోకి దారం ఎక్కించుకుంటూ, ఎండ బాగా కాస్తోందని చెప్పినట్టు చెప్పింది.

"దాని పేరే ఛీ అండీ. మీరు తిడుతున్నారనుకోదు, పిలుస్తున్నారనుకుంటుంది."

"ఛీ ఏం పేరమ్మా!"

"మా ఆయన పెట్టారు."

కండక్టరుగారి గొంతు ఒక మెట్టు దిగింది. "మరి పొమ్మనాలంటే ఏమనాలి?"

"దాంతో ఎవరూ మర్యాదగా మాట్లాడలేదండీ. మర్యాదగా చెప్పి చూడండి. అర్థం కాక ఇటొచ్చేస్తుంది."

"బాగుంది! బస్సులో మనుషులకే ఇవ్వలేదు నేను మర్యాద!"

మర్నాడు గోడ అవతల గొంతు సవరించుకున్న చప్పుడైంది. "అయ్యా... తమరిక దయచేయండి." కుక్క తవ్వడం ఆపి, తల పక్కకు వాల్చి చూసి, గోడ దూకి వచ్చేసింది. ఆదివారం వచ్చింది, పోయింది. ఓనరమ్మ రాలేదు. కండక్టరుగారే వద్దన్నారట.

దయచేయండి అనేది రెండువైపులా తెరుచుకునే తలుపులాంటి మాట. ఇంటికొచ్చినవాళ్ళతోనూ అంటాం, పొమ్మనాల్సినవాళ్ళతోనూ అంటాం. ఆ రెండో అర్థం కుక్కకెవరు చెబుతారు? రోజూ మెత్తగా తనకోసమే వచ్చే ఆ గొంతుకు అది అలవాటు పడింది. ఇవతల గదిలో దాంతో మాట్లాడేవాళ్ళు లేరు. గిన్నెలో తిండి పడుతుంది, సూది నడుస్తుంది, అంతే. ఒక సాయంత్రం "దయచేయండి" అనగానే అది గోడ వైపు పోకుండా కండక్టరుగారి కాళ్ళ దగ్గరకెళ్ళి కూర్చుంది.

"ఓరి నీ మర్యాద మండ!" అని ఆయన పెద్దగా నవ్వారు. ఇవతల సూది ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నడిచింది.

అప్పటినుంచీ అది అక్కడే. కొన్నాళ్ళకు కండక్టరుగారే మొహం చెల్లనట్టు గుమ్మంలో నిలబడ్డారు.

"తీసుకెళ్ళి కట్టేసుకో అమ్మాయ్. నీది కదా."

"ఉండనివ్వండి బాబాయ్‌గారూ. మీరైతే నాలుగు మాటలు మాట్లాడతారు."

ఇదంతా, చూడటానికి వెళ్ళిన నాకు, ఆమె పని ఆపకుండానే చెప్పింది. బాధగా లేదా అని నేనడిగితే, చొక్కాను వెలుతురుకు పట్టి చూసి, "ఉండాలి కదండీ" అంది. సెలవు తీసుకుని నేను లేస్తే గుమ్మందాకా వచ్చింది.

"పక్కింటి ముందు అడ్డంగా పడుకునుంటుంది. లేపకండి, దాటుకుని వెళ్ళండి."