తలంబ్రాల నాలుగు నిమిషాలు

పెళ్లిళ్లలో తలంబ్రాలంటే నాకు అప్పట్లో ఒళ్లు మంట. చూసేవాళ్లకు అది సంబరం, మిక్సింగ్ చేసే నాకు గండం. ప్రొద్దుటూరులో మాకు చిన్న వీడియో షాపు ఉండేది. మా ఆయన కెమెరా పట్టేవాడు, నేను కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. బియ్యంలో థర్మకోల్ ఉండలు, తళుకు ముక్కలు కలిపి ఇద్దరి నెత్తినా గుమ్మరిస్తారు కదా, వీడియోను కుదించేటప్పుడు ఆ రాలేవన్నీ కంప్యూటర్‌కు ఎక్కువైపోతాయి. పెళ్లికూతురి మొహం గచ్చు పలకల మాదిరి చదరాలు చదరాలుగా విడిపోతుంది. అయినా ఎవరూ అడిగేవారు కాదు కాబట్టి నేనూ చూసీ చూడనట్టు వదిలేసేదాన్ని.

అవి ఫ్యాక్షన్ రోజులు. వారానికొక పార్టీ మీటింగు, దానికొక వీడియో. అట్లాంటి రోజుల్లో ఒకనాడు పొద్దున పదిగంటలకు షాపుకు ఇద్దరు వచ్చారు. ఐదు రోజుల కిందట మేము తీసిన పెళ్లిలోని పెళ్లికూతురు, ఆమె మేనమామ. వాళ్లది జమ్మలమడుగు పక్క పల్లె. గొడవలకు భయపడి పెళ్లి ప్రొద్దుటూరులో చేశారు. అయినా పిల్ల నాయన ఆ పెళ్లికి రాలేకపోయాడు. ఆయన మీద కేసులున్నాయి, అవతలి వర్గం కాచుకుని ఉంది. పులివెందుల దగ్గర ఎవరో బంధువుల ఇంట్లో తలదాచుకున్నాడు. మర్నాడు పొద్దున కోర్టులో లొంగిపోతాడు, మళ్లీ ఎప్పుడు బయటికొస్తాడో దేవుడికే తెలియాలి. బిడ్డ పోయి చూద్దామంటే వెనకాలే ఎవరైనా వస్తారని పెద్దలు పోనివ్వలేదు. ఆయన కూతురి పెళ్లి చూడాలంటే ఆ సాయంత్రమే చూడాలి, టీవీలోనే చూడాలి.

"నాలుగు గంటల బస్సుకు నేను పోవల్ల మ్మా. ఒగటే సీడీ ఉండాల. శుభలేఖ కవర్లో పెట్టుకోని పోతా," అన్నాడు మేనమామ. దోవలో అవతలి వర్గం వాళ్లు సంచులు విప్పి చూసేవాళ్లు. పెళ్లి సీడీ దొరికితే ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారో చూసి కొత్త పగలు పట్టే కాలం అది.

డీవీడీ రాసే మిషను మాకింకా రాలేదు. గంటన్నర పెళ్లిని ఒక్క సీడీలోకి ముందురోజే కుదించి పెట్టాను, మొదటి నుంచి చివరిదాకా ఒకే బిట్‌రేట్, అంటే ప్రతి సెకనుకూ సీడీలో ఒకే జాగా. టీవీలో పెట్టి చూపించాను. మొదటి అరగంట వాళ్ల నాయకుడు రావడం, దండలు, సోఫాలో కూర్చోవడం. అద్దం మాదిరి ఉంది.

"శానా బాగుండాది. ఆయప్ప మీసం ఎంట్రుకలు గూడా కనపడతాండాయి," అని మేనమామ మురిసిపోయాడు.

ముందుకు జరిపితే తలంబ్రాలు వచ్చాయి. పెళ్లికూతురు టీవీ దగ్గరికి జరిగి, తెరమీద ఆ చదరాలను వేలితో ముట్టుకుంది.

"అక్కా, నా మొగం యాడ?" అంది.

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. నా మీద నాకే కోపం వచ్చి, వీడియోను కుదించే ఎక్స్‌పోర్ట్ పేజీ తెరిచి, రెండింతలు టైం తినేస్తుందని ఇన్నేళ్లూ ముట్టుకోని సెట్టింగ్ పట్టుకున్నాను. పేరు టూ పాస్. ఒకే బిట్‌రేట్ అంటే చంటిబిడ్డకూ, మడక దున్ని వచ్చినవాడికీ ఒకే సంగటి ముద్ద పెట్టడం. టూ పాస్ అయితే కంప్యూటర్ మొదటిసారి ఊరికే చూసుకుంటూ పోతుంది, ఎవరికెంత ఆకలో తెలుసుకుంటుంది. రెండోసారి దాన్నిబట్టి వడ్డిస్తుంది. సోఫాలో కదలకుండా కూర్చున్న నాయకుడికి చిన్న ముద్ద చాలు. మిగిలిందంతా తలంబ్రాలకు!

ముందు తలంబ్రాల నాలుగు నిమిషాలకు అటూ ఇటూ కాస్త కలిపి ఒక చిన్న ముక్క చేసి చూశాను. రాలే ప్రతి గింజా కనిపించింది, గింజల వెనక పిల్ల మొహం కనిపించింది. నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. మా ఆయన "పిచ్చి పట్టిందా" అన్నాడు. పట్టింది, నిజమే. పదిన్నరకు మొత్తం వీడియోకు మీట నొక్కాను. మా కంప్యూటర్‌కు వీడియో ఎంతసేపో ఒక్కో పాస్ అంతసేపు. ఒంటిగంటన్నరకల్లా అయిపోవాలి.

పన్నెండింటికి కరెంటు పోయింది. యూపీఎస్ పది నిమిషాలు కుయ్యిమని ఏడ్చి ఆరిపోయింది. చేసిందంతా మట్టి. మేనమామ కాలుగాలిన పిల్లి మాదిరి షాపుకూ రోడ్డుకూ తిరిగాడు. కరెంటు ఒంటిగంటంపావుకు వచ్చింది. సీడీ రాసుకుని బస్టాండుకు పోవాలంటే చేతిలో ఉన్నది రెండు గంటలు. రెండు పాస్‌లకు రెండు గంటలంటే, వీడియో గంటే ఉండాలి. అరగంట కోసెయ్యాలి. ఆ అరగంట ఏదో అందరికీ తెలుసు.

ముందుగా మా ఆయనే అన్నాడు. "ఆయప్పను తీసేస్తే రేపు మనకు మీటింగులు ఎవరిస్తారే?"

"ఆయప్ప రావడమే మాకు గౌరవం," అన్నాడు మేనమామ. "పాత సీడీనే ఇయ్యి మ్మా. మా బావ ఏమనుకోడు."

నాకు నోటిదాకా వచ్చిన మాట పెళ్లికూతురు అనేసింది. పసుపుతాడు ఇంకా కొత్తగా మెరుస్తున్న పిల్ల, మేనమామ మొహంలోకి సూటిగా చూసింది.

"మా నాయన ఆయప్పను ఇరవై ఏండ్లు సూసినాడు మామా. ఈ పొద్దన్నా నన్ను సూడనీ."

మేనమామ తల వంచుకున్నాడు. మా ఆయన నా వైపు చూశాడు. రోట్లో తలపెట్టి రోకటి పోటుకు వెరిస్తే ఎట్లా? నాయకుణ్ణి తీసేసి మీట నొక్కాను.

ఆ రెండు గంటలూ ఎవరం అన్నానికి లేవలేదు. కరెంటు పోకూడదని ఇంట్లో ఉన్న దేవుళ్లందరికీ, వీధి చివరి దర్గాకూ కూడా మొక్కుకున్నాను. ఒకసారి ఫ్యాన్ నెమ్మదించింది, దర్గాకు ఇంకో మొక్కు కలిపాను. మూడుంపావుకు రెండో పాస్ పూర్తయింది. సీడీ రాసి, టీవీలో ఒక్క తలంబ్రాలే చూసుకుని, శుభలేఖలో దూర్చి ఇచ్చాను. మేనమామ ఆటోలోకి దూకాడు, బస్సు అందింది. నేను పెళ్లికూతుర్ని వాటేసుకుని గిరగిరా తిప్పేశాను.

మర్నాడు మధ్యాహ్నం మేనమామ కోర్టు దగ్గర్నుంచి నేరుగా షాపుకు వచ్చాడు. ఆయన ఇంకా కూర్చోకముందే అడిగాను. "ఏమన్నాడన్నా? గంటసేపూ బాగా వచ్చిందా?"

"గంట యాడ సూసినాడు మ్మా. ఆ తలంబ్రాల కాడికి తిప్పమన్యాడు. అది అయిపోతానే మళ్లా అదే. మళ్లా అదే. తెల్లారి జీపు వచ్చేదంక ఆ నాలుగు నిమిషాలే సూసినాడు."

అరగంట కోసెయ్యడానికి మేము అంత కొట్లాడాం. ఆ నాలుగు నిమిషాలు మాత్రమే సీడీలో పెట్టి ఇచ్చుంటే, ఇంతగా కుదించాల్సిన పనే ఉండేది కాదు.