తొంభై దాకా లెక్క

రేవులో నీటిమట్టం రాసే ఆమెను అందరూ లెక్కలమ్మ అంటారు. గోడ మీది కొలబద్ద చూసి పావుగంటకోసారి అంకె రాయడం ఆమె ఉద్యోగం. కంటబడ్డ ప్రతిదాన్నీ నోట్లో లెక్కపెట్టుకోవడం ఆమె జబ్బు. ఆ జబ్బును అందరికంటే ఎక్కువ ఆటపట్టించేది తమ్ముడే. తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన ఆ తమ్ముడు ఇప్పుడు ఓడల అడుగు చూసే డైవర్. "తాడు లాగాక నేను పైకి రావడానికి నలభై పడుతుందట, అదీ లెక్కేసింది మా అక్క!" అని రేవంతా చెప్పి నవ్వుతాడు.

ఆ పొద్దున గాలి లేదు, అల లేదు. అయినా కొలబద్ద కింది మెట్టు తేలింది, మళ్ళీ మునిగింది. ఆమె లెక్కపెట్టింది: నీరు ఎక్కడానికి తొంభై, దిగడానికి తొంభై, ప్రతిసారీ ఇంకాస్త ఎత్తుకు. మోసేవాళ్ళ అడుగులకు బకెట్లో నీళ్ళు లయ కలిపి తొణికినట్టు, ఎక్కడో దూరపు తుఫాను తోపుకు రేవు మొత్తం ఊగుతోంది. తమ్ముడు అప్పటికే ఓడ కింద ఉన్నాడు.

పరుగున వెళ్ళి చెబితే సూపర్‌వైజర్ కొట్టిపారేశాడు.

"ఆకు కూడా కదలట్లేదు కదమ్మా! అంతగా భయమైతే ఓడ తాళ్ళు బిగిస్తాంలే."

బిగించారు. అదే కొంప ముంచింది. ఊగే వీలు లేక ముందువైపు తాడు ఫట్‌మని తెగింది. ఓడ గోడకు దూరంగా జరిగి, తిరిగొచ్చి గోడకు వేలాడే టైర్లను నలిపేసింది. డైవర్ తాడు దిగింది ఓడకూ గోడకూ మధ్య ఉన్న ఆ సందులోకే, ఎక్కాల్సిన నిచ్చెనా అక్కడే. కింద ఉంచుదామంటే ఇలా ఊగే ఓడ అడుగే వాణ్ణి బతకనివ్వదు.

సందు మళ్ళీ బారెడు తెరుచుకుంది.

"ఇప్పుడే! లాగు తాతా!" సూపర్‌వైజర్ అరిచాడు. మూడుసార్లు లాగితే పైకి రమ్మని గుర్తు.

తాడు పట్టుకున్న ముసలాయన చేతులను ఆమె గట్టిగా పట్టేసింది. "వద్దు. వాడొచ్చి నిచ్చెన ఎక్కేలోపు మూసుకుపోతుంది."

"తమ్ముణ్ణి చంపుకుంటావా?"

ఆ మాట ములుకులా గుచ్చుకుంది. లెక్క తప్పితే నిజంగా చంపుకున్నట్టే. అయినా వదల్లేదు. ఎనభై తొమ్మిది, తొంభై. ఓడ గోడకు ఆనుకుంది, సందన్నదే లేదు. అప్పుడు లాగింది, మూడుసార్లు.

ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. పది. సందు వేలెడు, జానెడు. ముప్ఫై. మూరెడు. నలభై. నీళ్ళు తప్ప ఏమీ లేదు. నలభై ఒకటి. ఆ పై అంకె ఆమెకు గుర్తురాలేదు.

తల తేలింది. నలుగురూ చేయి వేసి గట్టు మీదికి గుంజారు. వాడింకా దగ్గుతుండగానే ఓడ వచ్చి గోడను గుద్దింది.

తమ్ముడు మాస్క్ లాగేసి, అలవాటుగా నవ్వబోయాడు. "ఎంతైందక్కా?"

"తెలీదురా," అందామె, వాణ్ణి పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తూ. "లెక్క మర్చిపోయాను."