ఫ్యాన్‌లో ఎర్రదుమ్ము

స్టీల్ ప్లాంటు వాళ్లిచ్చిన సెక్టర్ టూ క్వార్టర్లో మా అమ్మాయి ఆటల కోసం కొన్న బుల్లి కంప్యూటర్, వేసవిలో ప్రాసెసర్ వేడెక్కి, కారు పందెం చివరి మలుపులోనే ఆగిపోయేది.

"ఓడిపోతానని నువ్వే బంద్ చేస్తన్నావు" అని మా అమ్మాయి దీదీ అని పిలిచే పక్కింటి పెద్దపిల్ల దాన్ని ఏడిపించేది.

ఒక ఆదివారం మూత విప్పి చూశాను. ప్రాసెసర్ మీది ఫ్యాన్ నిండా, నా డ్యూటీ బట్టల్లోంచి రోజూ రాలే ఎర్రదుమ్మే.

"ఏటి నాన్నా, మీ ప్లాంటు దీన్లో కూడా డ్యూటీ చేస్తందేటి?" అంది అమ్మాయి.

పెయింటు బ్రష్షుతో ఇద్దరం దులిపాం. సాయంత్రం దీదీని పందేనికి పిలిచింది. కంప్యూటర్ ఆగలేదు. మా అమ్మాయి ఓడిపోయింది.

"ఆ దుమ్ము పారేసావా నాన్నా?" అని నా చెవిలో అడిగింది.

ఇప్పటికీ కిటికీ తుడిచేటప్పుడు ఆ మాట గుర్తొచ్చి, ఒక మూల కాస్త ఎర్రదుమ్ము వదిలేస్తాను.