ద్వారకలో ఆదివారం రాజు

ఇది ఒకే పోలికలున్న ఇద్దరు వీరుల గాథ. ఇందులో సింహాసనం, కత్తి, కుట్ర అన్నీ ఉంటాయి.

అంత లేదు లెండి. సింహాసనం అంటే దేశ రాజధానిలో ద్వారక అనే కాలనీలో ఒక డైనింగ్ కుర్చీ. కత్తి వంకాయలు తరిగేది. కుట్ర మాత్రం అసలైనదే.

అదే ఊళ్లో, కోచింగ్ కుర్రాళ్లుండే బేర్ సరాయ్‌లో నేనూ, నా రూమ్మేటూ ఒకే గదిలో ఉండి సివిల్స్‌కి చదివేవాళ్లం. ఇద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే తరహా కళ్లద్దాలు, గీసుకోవడానికి బద్ధకించి పెరిగిన ఒకే గడ్డం. నేను తిని లేచాక వాడు వెళ్తే మెస్ భయ్యా "మళ్లీ వచ్చావా?" అని హిందీలో కసిరేవాడు.

ఒక మధ్యాహ్నం ల్యాప్‌టాప్‌లో పాత నలుపు తెలుపు సినిమా చూశాం. పట్టాభిషేకం ముందు రాజుగారికి ఎవరో మత్తుమందు పెడతారు. అచ్చం ఆయనలాగే ఉండే బాటసారి ఆ కిరీటం పెట్టుకుని, కోట మెట్ల మీద కత్తి తిప్పి రాజ్యం కాపాడి, చివరికి రాజుకే అప్పగించి గుర్రమెక్కుతాడు. రాజు అతణ్ని కౌగలించుకుని ఏడుస్తాడు. మావాడూ ఏడ్చాడు.

"ఒరేయ్, ద్వారకలో మా బాబాయ్ నన్ను లాగూలేసుకునే వయసులో చూశాడు, మళ్లీ చూళ్లేదు" అన్నాడు కళ్లు తుడుచుకుంటూనే. "ఆదివారం ఆదివారం భోజనానికి రమ్మని ప్రాణం తీస్తున్నాడు. నాకా టెస్టులు. నువ్వెళ్లు."

"నేనా?"

"ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి."

రాజ్యం కోసం త్యాగాలు తప్పవు. వెళ్లాను.

బాబాయిగారు టీవీ మీంచి చూపు తిప్పకుండానే నన్ను గుర్తుపట్టేశారు. "అచ్చం మా అన్నయ్య ముక్కే!" ఆ ముక్కు మా అమ్మది. పిన్నిగారు మాత్రం నేను తిన్నంతసేపూ పక్కనే నిలబడేవారు. ఉల్లిపాయలు ఏరి పక్కన పెడుతున్నానని గమనించి, కొన్ని వారాలకే పులుసులో వేయడం మానేశారు.

ఒక ఆదివారం బాబాయిగారు, "పరీక్ష దాకా ఇక్కడే ఉండి చదువుకోరా, ఆ గది ఖాళీయేగా" అన్నారు. సినిమాలో బాటసారిలాగే ఆ వార్తను పొల్లుపోకుండా రాజుగారికి చేరవేశాను.

"నిన్నొదిలి ఎక్కడికి పోతాన్రా?" అన్నాడు.

నమ్మాను. కథలో నమ్మే వేషం నాదే.

ఆ శనివారం గ్రూప్ స్టడీ అని బ్యాగు సర్దుకుని వెళ్లాడు. గ్రూప్ స్టడీకి దిండెందుకో నేను అడగలేదు.

మర్నాడు ద్వారకలో తలుపు తీసిన బాబాయిగారు, "ఎవరు కావాలి బాబూ?" అన్నారు.

ఆయన భుజం మీంచి చూస్తే నా కుర్చీలో వాడు.

"మా రూమ్మేట్, బాబాయ్. ఏదో పుస్తకం కోసం వచ్చుంటాడు" అన్నాడు, తలెత్తకుండా, ఉల్లిపాయ లేని నా పులుసు కలుపుకుంటూ. వాడికి ఉల్లిపాయంటే ప్రాణం.

ఆ సినిమాలో రెండు వేషాలూ ఒకే హీరో వేశాడు. రాజు ద్రోహం చేయకపోవడానికి కారణం అదేనని అప్పుడు తట్టింది.

పిన్నిగారు గరిటె పట్టుకుని వాడి వంకా, నా వంకా చూశారు. ఆవిడకి తెలిసిపోయింది.

"కూర్చో నాన్నా, కంచం పెడతాను."

నేనొక్క మాటంటే చాలు, వాడి రాజ్యం కూలిపోయేది.

"తినేసి వచ్చానాంటీ" అన్నాను. పిన్నీ అని పిలవడానికి నోరు రాలేదు.

గుర్రం లేదు గనక మెట్రో ఎక్కి బేర్ సరాయ్ వచ్చాను. ఆదివారాలు మెస్ ఉండదు.