గడియలు లేని ఇల్లు

ఏలూరులో కాలవ పక్కన ఒక పాత పెంకుటిల్లు అద్దెకు తీసుకుని కొన్ని కుటుంబాలం కలిసి ఉంటున్నాం. అందరం క్రైస్తవులమే, కానీ ఒకే సంఘం వాళ్లం కాదు. వంట ఒక్కటే, ఖర్చు ఉమ్మడి. కష్టమొచ్చి తలుపు తట్టినవాళ్లకి చోటు ఇస్తాం. కూలి ఎగ్గొట్టిన చేపల చెరువు ఆసామి దగ్గరికైనా, పోలీస్ స్టేషన్‌కైనా తోడు వెళ్తాం. ఎవరైనా కులం గొప్ప మాట్లాడితే మాత్రం ఆ పూట అన్నం వాళ్లే వండుకోవాలి. ఆ ఆఖరిది నేను పెట్టిన రూలు.

ఇంట్లో చేరిన కొత్తలో వీధి తలుపుకి తప్ప గదుల తలుపుల లోపలి గడియలన్నీ ఊడదీయించాం. యేసు శిష్యుల ఆది సంఘంలో వాళ్లకి అంతా ఉమ్మడే, దాపరికాలు లేవు, మనకి మాత్రం ఎందుకు అన్నారు మాస్టారు. ఆయన తాడేపల్లిగూడెంలో లెక్చరరుగా చేసి రిటైరయ్యారు, మా అందరికీ పెద్ద. అందరం సంతోషంగా సరేనన్నాం. తలుపు తట్టి లోపలికి వెళ్లడం అలవాటైపోయింది, ఏ గొడవా రాలేదు.

కిందటి వానాకాలం కొల్లేటి లంక ఊరి నుంచి ఒకావిడ చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. మొగుడు తాగి కొట్టేవాడు. ఆవిడకి వెనక గది ఇచ్చాం. రోజులు గడుస్తున్నా మనిషి తేరుకోలేదు సరికదా, కూర తరుగుతూ తరుగుతూ కూర్చున్నచోటే తూలిపోయేది. ఒక ఉదయం పిలుద్దామని వెళ్లి తలుపు తోస్తే కదల్లేదు. ఆవిడ తీశాక చూస్తే, లోపల ట్రంకు పెట్టె అడ్డం పెట్టి, దాని మీద బియ్యం బస్తా ఎత్తి పెట్టుకుంది. ఇదేమిటమ్మా అని అడిగాను.

"గడియ లేకపోతే నిద్ర పట్టట్లేదండీ. మా ఊరెళ్లిపోతానండీ. అక్కడైతే ఒక్కణ్ణి కనిపెట్టుకుంటే సరిపోద్దండీ," అంది.

వెళ్తే వాడు ఈసారి ఆవిడని బతకనివ్వడని అందరికీ తెలుసు. కానీ మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఏ నిర్ణయమైనా ఒక్కరు కాదన్నా ఆగిపోవాలి. ఆ మధ్యాహ్నమే అందర్నీ కూర్చోబెట్టి ఆ గదికి గడియ పెడదామంటే మాస్టారు కాదన్నారు. ఒక్క గదికి గడియ పెడితే ఇంట్లో మగవాళ్లందరినీ అనుమానించినట్టే అని ఆయన బాధ. మంచి మనిషే, మహా మంకుపట్టు. నాకు ఒళ్లు మండిపోయింది. నమ్మకం మనం ఇవ్వాలి గానీ ఆవిడ దగ్గర వసూలు చేయకూడదండీ అని మొహం మీదే అనేశాను. పక్కనున్నావిడ ఊరుకోమని నా చెయ్యి గిల్లింది. నేను ఊరుకోలేదు.

మాస్టారు వెనక గది ఆవిడ వైపు తిరిగారు. చాలా మెత్తగానే అడిగారు.

"ఏమ్మా, మనింట్లో మనకి గడియెందుకమ్మా?"

ఆవిడ నేల చూపులు చూస్తూనే చెప్పింది.

"మా ఆయన కూడా అదే మాట అని గడియ ఊడబీకాడండీ."

ప్రార్థన చేద్దామని కూడా ఎవరూ అనలేదు. మాస్టారు లేచి బజారుకెళ్లి గడియ కొనుక్కొచ్చారు. వడ్రంగి రేపొస్తాడన్నా వినకుండా తనే బిగించడానికి కూర్చున్నారు. అలవాటు లేని పని, మరలు వంకరపోయాయి. కోపం దిగక ముందే నాకు ఆయన మీద జాలేసింది. స్క్రూడ్రైవరు తీసుకుని మిగతావి నేను బిగించాను.

మర్నాడు పొద్దున ప్రార్థన పాటలకి ఆవిడ రాలేదు. కూతురూ రాలేదు. ఎప్పుడూ గొంతెత్తి పాడే మాస్టారు ఆ వేళ మెల్లగా పాడదాం అన్నారు. పాడాం. టిఫిన్లయ్యాయి. పిల్లలు బడికెళ్లారు. ఎవరూ ఆ తలుపు తట్టలేదు. మధ్యాహ్నం అన్నాల వేళకి గానీ గడియ తీసిన చప్పుడు కాలేదు.